దేవదూతల పండితుడు: తోమా అక్వినాసు జీవితము

పఠింపవలసిన వాక్యభాగములు: ఆదికాండము 18:1–8, లూకా 20:34–38, 1 కొరింథీయులకు 15:35–58, హెబ్రీయులకు 1, 2 అధ్యాయములు.

బైబిలు గ్రంథమును ఏ భాగమున తెరచినను దేవదూతల జాడ కనబడుచునే యున్నది. అరణ్యములో హాగరును పేరుపెట్టి పిలిచినది దూతయే. బేతేలులో యాకోబు వారిని నిచ్చెనమీద చూచెను. బదరీవృక్షము క్రింద అలసి పండుకొనిన ఏలీయాను తట్టి లేపి భోజనము చేయుమనినవాడు దూతయే. నజరేతులో మరియకును, బేత్లెహేము పొలములలో గొఱ్ఱెల కాపరులకును, తెరువబడిన సమాధి యొద్ద స్త్రీలకును శుభవార్త తెచ్చినవారు వారే. చెరసాలలో పేతురు సంకెళ్లు ఊడిపడిన రాత్రియందును వారి పరిచర్య కలదు.

క్రిస్మసు దినములలోను ఈస్టరు ఉదయమునను ఈ సంగతులను చదివి మనము సంతోషింతుము. తక్కిన దినములలో దూతలను గూర్చి తలంచుట అరుదు. అయితే ఒక సమయమందు మాత్రము వారి ప్రస్తావన మన నోట తప్పక వచ్చుచున్నది. ఇంటిలో పసిబిడ్డ చనిపోయినప్పుడు, తల్లిని ఓదార్చుటకై, ఆ బిడ్డ దేవదూతయై పరలోకమునకు ఎగిరిపోయెనని చెప్పుదురు. అది ప్రేమతో పలికిన మాటయే. కాని ఆ తల్లి హృదయములో వేరొక ప్రశ్న యున్నది. నా బిడ్డ నా బిడ్డగానే నాకు మరల కనబడునా అని ఆమె అడుగుచున్నది. ఆ ప్రశ్నకు మనము ఇచ్చు జవాబు సత్యమైనదిగా ఉండవలెను.

ఈ జవాబును వెదకుటలో మనకు తోడ్పడగల ఒక పూర్వకాలపు క్రైస్తవుని చరిత్రను ఈ నెల చదువరుల యెదుట ఉంచుచున్నాము. అతడు ఇటలీ దేశస్థుడైన తోమా అక్వినాసు. ఆంగ్ల గ్రంథములనుబట్టి థామస్ అక్వినాస్ అనియు వ్రాయుదురు. దేవదూతలను గూర్చి ఇంత క్రమముగాను ఇంత లోతుగాను ఆలోచించినవారు సంఘచరిత్రలో మిక్కిలి కొద్దిమంది. దూతలను పోలిన పండితుడను బిరుదు ఇతనికి వచ్చినది. ఇతడు రోమను సంఘపు సన్యాసి. అయినను మార్టిన్ లూథరు 1517లో సంఘ సంస్కరణమును ఆరంభించుటకు రెండున్నర శతాబ్దములకు ముందు జీవించినవాడు. ఇతని బోధలన్నిటిని మనము అంగీకరింపము. పౌలు థెస్సలొనీకయులకు నేర్పిన పద్ధతినే అనుసరించి, పరీక్షించి మంచిని గైకొందము.

తోమా 1225 ప్రాంతమున, రోముకును నేపుల్సుకును మధ్యనున్న రొక్కాసెక్కా కోటలో జన్మించెను. తండ్రి పేరు లాండుల్ఫు, తల్లి పేరు తెయొదోరా. వారిది పలుకుబడిగల ప్రభువంశము. అయిదేండ్ల ప్రాయముననే ఈ బాలుని సమీపమందలి మోంటె కస్సీనో మఠమునకు అప్పగించిరి. అది బెనెడిక్టు సన్యాసుల మఠము. సంపదకును కీర్తికిని పేరుపొందినది. తమ కుమారుడు ఏనాటికైనను ఆ మఠాధిపతి కావలెనని తలిదండ్రుల కోరిక. ఆ బాలుడు మాత్రము దేవుడనగా ఏమని గురువులను మాటిమాటికి అడుగుచుండెనని పూర్వులు చెప్పుదురు.

చక్రవర్తియైన రెండవ ఫ్రెడరిక్కుకును పోపుకును కలిగిన కలహమువలన ఆ మఠము సైనికుల పాలాయెను. అందుచేత 1239లో తోమాను నేపుల్సు విశ్వవిద్యాలయమునకు పంపిరి. అక్కడ అతనికి రెండు క్రొత్త పరిచయములు కలిగెను. ఒకటి గ్రీకు తత్త్వజ్ఞానియైన అరిస్టాటిలు గ్రంథములు. రెండవది డొమినికను సన్యాసుల సహవాసము. వీరు ఆస్తిపాస్తులు లేక, భిక్షాటనముచేత బ్రదుకుచు, ఊరూర సువార్త ప్రకటించుచు, చదువునందు శ్రద్ధ వహించు క్రొత్త సమాజమువారు. 1244లో తోమా వారితో చేరెను.

మఠాధిపతి కావలసిన కుమారుడు భిక్షకుడాయెనని కుటుంబమువారు మండిపడిరి. అతడు ప్రయాణమైపోవుచుండగా అన్నలు దారిలో పట్టుకొని తమ కోటకు తీసికొనిపోయి ఇంచుమించు ఒక సంవత్సరము నిర్బంధములో ఉంచిరి. బ్రతిమాలిరి, బెదరించిరి, తుదకు అతని వ్రతమును చెరుపుటకు ఒక స్త్రీని గదిలోనికి పంపిరట. అతడు పొయ్యిలోని కొరవి తీసి ఆమెను తరిమెననియు, ఆ రాత్రి ఇద్దరు దేవదూతలు స్వప్నమందు కనబడి అతని నడుమునకు పవిత్రత అను దట్టి కట్టిరనియు అతని చరిత్రకారులు వ్రాసిరి. ఈ స్వప్నమును లేఖనముతో సమానముగా నమ్మవలసిన పని మనకు లేదు. మనము గమనింపదగినది వేరు. తోమా తరువాత దూతలను గూర్చి ఎంతయో వ్రాసెను గాని, తన స్వప్నములను ఎక్కడను ఆధారముగా చూపలేదు. లేఖనములు, సంఘ పితరుల వ్రాతలు, దేవుడిచ్చిన బుద్ధితో చేయు విచారణ, ఇవియే అతని ఆధారములు. దర్శనములు చూచితిమని చెప్పుకొనువారి వెంట జనులు పరుగెత్తుట ఏ కాలమందును ఉన్నదే. కొలస్సయులకు 2:18లో పౌలు చేసిన హెచ్చరికను ఎన్నటికిని మరువకుందుము గాక.

నిర్బంధము 1245లో ముగిసెను. తోమా పారిసు నగరమునకు పోయి, గొప్ప పండితుడైన ఆల్బర్టు యొద్ద శిష్యుడై, 1248లో అతనివెంట జర్మనీ దేశపు కొలోను నగరమునకు వెళ్లెను. అతడు స్థూలకాయుడు, మితభాషి. తోటి విద్యార్థులు అతనికి మూగ ఎద్దు అని పేరుపెట్టి నవ్వుకొనిరి. గురువైన ఆల్బర్టు మాత్రము శిష్యుని బుద్ధిబలమును కనిపెట్టి, ఈ ఎద్దు వేయు రంకె ఒకనాడు లోకమంతట వినబడునని చెప్పెనట. 1256లో తోమా పారిసు విశ్వవిద్యాలయములో వేదాంత శాస్త్రాచార్యుడాయెను. 1259లో ఇటలీకి తిరిగివచ్చి పలు పట్టణములలో బోధించెను. ఒకేసారి ముగ్గురు నలుగురు లేఖకులకు వేర్వేరు విషయములను చెప్పి వ్రాయించుచుండెనని అతని నెరిగినవారు సాక్ష్యమిచ్చిరి.

ఆ దినములలో దేవదూతల విషయము కేవలము బోధకుల ప్రసంగములకు సంబంధించినది కాదు. అది తత్త్వజ్ఞానుల వివాదము కూడ. అరిస్టాటిలు ఆకాశమండలములను కదలించు అదృశ్య శక్తులు కలవని తర్కించి, వాటి సంఖ్య 55 లేక 47 అని లెక్కకట్టెను. పారసీక దేశపు తత్త్వజ్ఞానియైన ఇబ్న్ సీనా (980–1037) దేవునినుండి ఒక బుద్ధిస్వరూపము, దానినుండి మరియొకటి, ఆలాగున వరుసగా కలిగెననియు, వాటి మూలముగానే ఈ లోకము ఏర్పడెననియు బోధించెను. యూదుల ఆచార్యుడైన మైమోనిడీసు (మరణము 1204) లేఖనములలోని దూతలును తత్త్వజ్ఞానులు చెప్పు ఈ బుద్ధిస్వరూపములును ఒక్కటే అని వివరించెను. క్రైస్తవ పండితులలో పలువురు దూతలకును సూక్ష్మమైన ఒక విధపు పదార్థము ఉండవలెననిరి.

ఇన్ని మాటల నడుమ తోమా నిలిచి, లేఖన సత్యమును విడువక, బుద్ధిని త్రోసివేయక, జవాబు వెదకెను. 1265 మొదలు 1268 వరకు రోములో నివసించిన కాలమందు తన మహా గ్రంథమైన వేదాంత సంగ్రహమును ఆరంభించెను. దాని మొదటి భాగములో 50వ ప్రశ్న మొదలు 64వ ప్రశ్న వరకు పదునైదు ప్రశ్నలు దూతలను గూర్చినవే. వాటి సారమును మేము సులభముగా చెప్ప యత్నించెదము.

మొదటిది, దూతలు సృష్టింపబడినవారు. ఎంత మహిమగలవారైనను వారి ఉనికి వారిది కాదు, దేవుడు దయచేసినది. కాబట్టి వారు దేనినైనను సృజించిరనుట సరికాదు. శూన్యమునుండి సృష్టించుట దేవునికే చెల్లును. ఇబ్న్ సీనా చెప్పిన మెట్లవరుసను తోమా ఈ విధముగా ఖండించెను. గడ్డిపువ్వును కలుగజేసినవాడును కెరూబును కలుగజేసినవాడును ఒక్క దేవుడే.

రెండవది, వారికి శరీరము లేదు. సూక్ష్మమైన పదార్థము సహా లేదు. మమ్రేలో అబ్రాహాము గుడారము యొద్దకు వచ్చినవారు మానవరూపమున కనబడిరి గదా యన్నచో, అది వచ్చిన పనికొరకు ధరించినదే గాని వారి స్వభావము కాదని అతడు చెప్పెను. శరీరము లేదు గనుక ఒక తండ్రి బిడ్డలమైన మనవలె వారు ఒకే జాతివారు కారు. ప్రతి దూత తనకు తానే ఒక జాతి. అయినను వారు కొద్దిమంది కారు. దానియేలు 7:10ని చూపి, వారి సంఖ్య తత్త్వజ్ఞానుల లెక్కకు అందనిదని అతడు నిశ్చయించెను.

మూడవది వారి తెలివి. మనము ఓనమాలు దిద్ది, అక్షరము వెంబడి అక్షరము కూడబలుకుకొని, కండ్లతో చూచి చెవులతో విని నేర్చుకొందుము. దూతలు ఈలాగు నేర్చుకొనరు. దేవుడు వారిని సృజించినప్పుడే వారి మనస్సునందు ఉంచిన వెలుగుచేత వస్తువుల తత్త్వమును ఒక్క చూపున గ్రహింతురు. అయినను వారి తెలివికి హద్దు కలదు. మనుష్యుని హృదయ రహస్యములు వారికి తమంతట తెలియవు. దేవుడు చేయబోవు సంగతులును ఆయన బయలుపరచిననే గాని తెలియవు. పరలోకమందలి దూతలకే తెలియని దినమును గూర్చి ప్రభువు మత్తయి 24:36లో చెప్పియున్నాడు. ఇట్లుండగా భవిష్యత్తు చెప్పుదుమనువారిని ఆశ్రయించుట ఎంత అవివేకము!

నాలుగవది వారి చిత్తము. దూత ఒక్కసారి కోరుకొనినదానిని మరల మార్చుకొనడని తోమా అభిప్రాయము. ఏలయనగా అతడు తెలియక కోరుకొనడు. సాతాను మంచివాడుగానే సృజింపబడి, గర్వముచేత పడిపోయి, తిరిగిరాని స్థితిలో ఉన్నాడు. మనమైతే తడబడుచు తెలిసికొందుము, మనస్సు మార్చుకొందుము. మా తలంపు ఏమనగా, మనము తక్కువయని చింతించు ఈ స్వభావమునందే దేవుడు మారుమనస్సుకు తలుపు తెరచియుంచెను.

ఇక్కడ ఒక అపవాదును గూర్చి చెప్పుట న్యాయము. సూదిమొనమీద ఎందరు దేవదూతలు నాట్యమాడగలరని మధ్యయుగపు పండితులు, ముఖ్యముగా తోమా, వాదించుకొనుచుండిరని ఎగతాళిగా చెప్పుట కలదు. అట్టి ప్రశ్న తోమా గ్రంథములలో లేనేలేదు. 17వ శతాబ్దములో ఇంగ్లండు దేశపు ప్రొటెస్టంటు రచయితలు పాత పండితులను హేళన చేయుచు సూదిమొన మాటను వ్రాసిరి. అది క్రమముగా వ్యాపించెను. తోమా అడిగిన ప్రశ్న, శరీరము లేని దూత ఒక స్థలమందు ఉన్నాడనగా అర్థమేమి అనునది. పాత్రలో నీరు ఉన్నట్లు కాక, తన శక్తి అక్కడ పనిచేయుటచేతనే దూత అక్కడ ఉన్నాడనబడునని అతని జవాబు. ఆ నగల్భాటము మన పక్షపువారినుండి వచ్చినదైనను సత్యము కాదు. అబద్ధసాక్ష్యమును నిషేధించిన ఆజ్ఞ మనతో ఏకీభవింపనివారి విషయములోను వర్తించును.

తోమా ఆధారపడిన ఒక గ్రంథము మాత్రము బలహీనమైనది. దూతలు మూడేసి తరగతుల చొప్పున మూడు శ్రేణులుగా, మొత్తము తొమ్మిది తరగతులుగా ఉన్నారని అతడు బోధించెను. ఈ వరుసను అతడు దియొనూసి పేరట ఉన్న వ్రాతలనుండి గైకొనెను. ఆ రచయిత అపొస్తలుల కార్యములు 17:34లోని దియొనూసియే అని అప్పటివారందరును నమ్మిరి. అవి ఎన్నో శతాబ్దముల తరువాత, 500వ సంవత్సర ప్రాంతమున వ్రాయబడినవని పిమ్మట పండితులు నిరూపించిరి. సెరాపులు, కెరూబులు, సింహాసనములు, ప్రధానులు అను పేర్లు లేఖనములలో ఉన్నవి గాని, వారి వరుస అందు చెప్పబడలేదు. అందుచేతనే జాన్ కాల్విను, దూతలను గూర్చి లేఖనము చెప్పినంతవరకే చెప్పి, అది ఆగినచోట ఆగవలెనని బోధించెను. దూతలను, పరిశుద్ధులను వేడుకొను ఆచారమును కూడ తోమా సమర్థించెను. ఈ విషయమున మనము అతనితో నడువలేము. ప్రకటన గ్రంథము 22వ అధ్యాయములో దూత పాదముల యెదుట సాగిలపడిన యోహానును ఆ దూతయే వారించెను గదా.

ఇక మొదటి ప్రశ్నకు వచ్చెదము. మనుష్యుడు చనిపోయి దేవదూత అగునా? దూతలను గూర్చి ఇంత వ్రాసిన తోమా ఈ ప్రశ్నకు ఇచ్చు జవాబు కాదు అనునదే. అతని కాలమందును పూర్వమును పలువురు ఆత్మయే మనుష్యుడనియు, శరీరము దానికి చెరసాల లేక విడిచివేయదగిన బట్ట వంటిదనియు తలంచిరి. తోమా దీనిని ఒప్పుకొనలేదు. మనుష్యుడనగా శరీరములో చిక్కుకొనిన దూత కాడు. ఆత్మయు శరీరమును కలిసి ఒక్క మనుష్యుడు. దూత శరీరము లేకుండుటయందే సంపూర్ణుడు. మనుష్యుడు శరీరముతోనే సంపూర్ణుడు. మరణమందు ఆత్మ నశింపదు. కాని శరీరమును విడిచిన ఆత్మ సంపూర్ణ మనుష్యుడు కాదు. 1 కొరింథీయులకు 15వ అధ్యాయమును వివరించుచు, ఆత్మకు మాత్రమే రక్షణ కలిగినయెడల మనుష్యునికి రక్షణ సంపూర్ణము కాదనియు, కాబట్టి శరీర పునరుత్థానము అవశ్యమనియు అతడు బోధించెను.

లూకా 20:36లో పునరుత్థానము పొందినవారు దూతలతో సమానులని ప్రభువు సెలవిచ్చిన మాటను కొందరు ఎత్తిచూపుదురు. ఆ వాక్యమును మెల్లగా చదివి చూడుడి. వారిక చావనేరరు గనుక, పెండ్లి చేసికొనరు గనుక ఆ విషయములలో దూతలకు సమానులు. ప్రభువు అక్కడ సద్దూకయ్యులకు బోధించుచున్నది మృతుల పునరుత్థానమునే. అబ్రాహాము అబ్రాహాముగానే, ఇస్సాకు ఇస్సాకుగానే, యాకోబు యాకోబుగానే దేవునికి జీవించుచున్నారు.

కాబట్టి దుఃఖపడుచున్న తల్లికి చెప్పవలసిన మాట ఆమె అడిగినదానికంటె తక్కువది కాదు, ఎక్కువది. దేవుడు ఆమె బిడ్డను వేరొక జాతిగా మార్చివేయలేదు. ఆమె ఎత్తుకొనిన ఆ చేతులు, ఆమె ముద్దుపెట్టుకొనిన ఆ ముఖము దేవుని దృష్టికి పారవేయదగినవి కావు. క్రీస్తు తన గాయముల గురుతులతో లేచినట్లు, ఆయనయందు నిద్రించినవారు తామే తాముగా లేచెదరు. దూతకు సమాధి లేదు, సమాధినుండి లేచుటయు లేదు. ఆ నిరీక్షణ మనుష్యులకు అనుగ్రహింపబడినది. హెబ్రీయులకు 2:16 చెప్పినట్లు, మన ప్రభువు చేయిచ్చి పట్టుకొనినది దూతలను కాదు, మనుష్యులను.

తోమా జీవితపు చివరి దినములను చెప్పి ముగించెదము. 1268 తరువాత మరల కొన్ని సంవత్సరములు పారిసులో బోధించి, 1272లో నేపుల్సుకు వచ్చెను. శరీరము లేని బుద్ధిస్వరూపములను గూర్చి ఈ చివరి సంవత్సరములలో మరియొక గ్రంథము ఆరంభించెను గాని అది పూర్తికాలేదు. 1273 డిసెంబరు 6వ తేదీన ఆరాధన చేయుచుండగా అతనికి ఏదో గొప్ప అనుభవము కలిగెను. ఆ దినము మొదలుకొని అతడు కలము పట్టలేదు. వేదాంత సంగ్రహము మూడవ భాగములో సగములోనే నిలిచిపోయెను. స్నేహితుడైన రెజినాల్డు వ్రాయుమని బలవంతపెట్టగా, తాను చూచినదాని యెదుట తన వ్రాతలన్నియు గడ్డివలె తోచుచున్నవని బదులు చెప్పెనట. 1274లో లియోను నగరమందు జరుగు సంఘ మహాసభకు రమ్మని పిలుపు రాగా బయలుదేరి, దారిలో జబ్బుపడి, ఫొస్సనోవా మఠములో మార్చి 7వ తేదీన కన్నుమూసెను. అప్పటికి అతనికి ఏబది ఏండ్లు నిండలేదు.

సరిగా మూడేండ్లకు, 1277 మార్చి 7న, పారిసు బిషపు 219 సిద్ధాంతములను ఖండించుచు శాసనము చేసెను. తోమా పేరు అందులో లేదు గాని, దూతలను గూర్చి అతడు చెప్పిన కొన్ని మాటలకు ఆ శాసనము తగిలెను. 1323లో పోపు అతనిని పరిశుద్ధుడని ప్రకటించిన పిమ్మట, 1325లో పారిసు బిషపు అతనికి తగులు భాగమును రద్దుచేసెను. మనుష్యుల తీర్పులు ఈలాగు మారుచుండును. తన వ్రాతలను గూర్చి తోమా తానే చేసిన తీర్పు అన్నిటికంటె కఠినమైనది. అయినను గడ్డిలోను దేవుడు గింజను దాచియుంచును.

ఆ గింజ ఇదియే. దూతలు మన తోటి దాసులు, మనకొరకు పంపబడిన పరిచారకులు. వారిని గూర్చి దేవునికి వందనములు చెప్పుదము, వారికి మ్రొక్కకుందము, వారి స్థితిని చూచి అసూయపడకుందము. ఈ సారి మన సంఘములో చిన్న సమాధి యెదుట నిలువవలసి వచ్చినప్పుడు, ఆ తల్లికి రెక్కలను గూర్చి కాక, పునరుత్థానమును గూర్చి చెప్పుదము. ఆమె బిడ్డను పేరుపెట్టి పిలుచు ప్రభువు సజీవుడై యున్నాడు.